నార్మన్ రాబర్ట్ పోగ్సన్

నార్మన్ రాబర్ట్ పోగ్సన్ (1829 మార్చి 23 - 1891 జూన్) ఇంగ్లాండు దేశానికి చెందిన ఖగోళ శాస్త్రవేత్త. 1861 నుండి మరణించే వరకు ముప్పై సంవత్సరాల పాటు మద్రాసు వేధశాలలో ప్రభుత్వ ఖగోళవేత్తగా పనిచేశాడు. నక్షత్రాల ప్రకాశాన్ని లెక్కించడానికి నేటికీ వాడుతున్న సూత్రం ఇతడు ప్రతిపాదించినదే. ఇతడు ఎనిమిది గ్రహశకలాలను, అనేక చర నక్షత్రాలను కనుగొన్నాడు. 1868 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని తెలుగు నేలపై, మచిలీపట్నంలో పరిశీలించాడు. భారతదేశపు రైళ్ళు, తంతి కార్యాలయాలు అనుసరించిన మద్రాసు కాలాన్ని లెక్కగట్టి అందించే బాధ్యత ఇతని హయాంలో మద్రాసు వేధశాలదే. గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు ముందున్న ఆ కాలం, నేటి కంప్యూటర్లలో స్థానిక తేదీని, సమయాన్ని తెలిపే పట్టికలో ఇంకా నిలిచి ఉంది.

బాల్యం, తొలి ఉద్యోగాలు

పోగ్సన్ ఇంగ్లాండులోని నాటింగ్‌హామ్‌లో జన్మించాడు. తండ్రి జార్జి పోగ్సన్ మేజోళ్ళు తయారుచేయించే వ్యాపారి. కుమారుడు కూడా వ్యాపారంలో స్థిరపడాలని తండ్రి ఆశించినా, పోగ్సన్‌కు గణితంపై మక్కువ ఎక్కువ. పదహారేళ్ళ వయసులో బడి విడిచిపెట్టి, గణితం బోధిస్తూ జీవనం సాగించాడు. ఖగోళ శాస్త్రవేత్త జాన్ రస్సెల్ హిండ్ ప్రోత్సాహంతో పద్దెనిమిదేళ్ళకే తోకచుక్కల కక్ష్యలను గణించాడు. 1851లో లండనులోని జార్జి బిషప్ వేధశాలలో చేరి, 1852లో ఆక్స్‌ఫర్డులోని రాడ్‌క్లిఫ్ వేధశాలలో సహాయకుడయ్యాడు.

ఆక్స్‌ఫర్డులో ఉండగా 1856లో ఐసిస్, 1857లో ఏరియాడ్నే, హెస్టియా అనే గ్రహశకలాలను కనుగొన్నాడు. ఐసిస్‌ను కనుగొన్నందుకు ఫ్రాన్సు దేశపు లలాండ్ పతకం లభించింది. 1859లో హార్ట్‌వెల్ వేధశాలకు అధిపతి అయ్యాడు. 1860లో మద్రాసు వేధశాలకు నియమితుడై, మరుసటి సంవత్సరం ఆరంభంలో మద్రాసు చేరుకున్నాడు.

ప్రకాశ పరిమాణ సూత్రం

కంటికి కనబడే నక్షత్రాలను వాటి కాంతిని బట్టి ఆరు తరగతులుగా విభజించే పద్ధతి ప్రాచీన గ్రీకుల కాలం నుండి ఉంది. మిక్కిలి ప్రకాశవంతమైనవి మొదటి తరగతికి, కష్టం మీద కనబడేవి ఆరవ తరగతికి చెందుతాయి. అయితే ఒక తరగతికి, తరువాతి తరగతికి మధ్య తేడా ఎంత అన్నది ఒక్కొక్క పరిశీలకుడు ఒక్కొక్క విధంగా భావించేవాడు. మొదటి తరగతి నక్షత్రం ఆరవ తరగతి నక్షత్రం కంటే నూరు రెట్లు ప్రకాశవంతమైనదని తీసుకుంటే, ఒక్కొక్క మెట్టుకు తేడా 2.512 రెట్లు అవుతుందని 1856లో పోగ్సన్ సూచించాడు. నూరుకు పంచమమూలమైన ఈ సంఖ్యను పోగ్సన్ నిష్పత్తి అంటారు. అతి పెద్ద దూరదర్శినులతో పనిచేసే శాస్త్రవేత్తలు కూడా నేటికీ దీనినే వాడుతున్నారు.

మద్రాసు వేధశాల

మద్రాసు వేధశాల 1786లో విలియం పెట్రీ అనే అధికారి ఎగ్మూరులో సొంతంగా ఏర్పాటు చేసుకున్న చిన్న పరిశీలనాలయంగా మొదలైంది. తరువాత ఈస్టిండియా కంపెనీ దానిని స్వీకరించి, 1792లో నుంగంబాకంలో కొత్త భవనం కట్టించింది. దూరదర్శినిని కదలకుండా నిలపడానికి అక్కడ నాటిన భారీ నల్లరాతి స్తంభంపై చెక్కిన శాసనంలో తమిళంతో పాటు తెలుగు కూడా ఉంది. ఈ వేధశాల ఖగోళవేత్త జాన్ గోల్డింగ్‌హామ్ 1802లో మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించి, మద్రాసు గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందున్నదని లెక్క తేల్చాడు.

పోగ్సన్ మద్రాసు వచ్చిన కొద్ది వారాలకే, 1861 ఏప్రిల్ 17న, ఒక గ్రహశకలాన్ని కనుగొన్నాడు. ఆసియా ఖండం నుండి కనుగొన్న మొదటి గ్రహశకలం కావడంతో దానికి ఏషియా అనే పేరు పెట్టారు. తరువాత 1864లో సాఫో, 1866లో సిల్వియా, 1868లో కెమిల్లా, 1885లో వేరా అనే గ్రహశకలాలను మద్రాసు నుండే కనుగొన్నాడు. 1862లో మొదలుపెట్టిన యామ్యోత్తర వలయ పరిశీలనలు పాతికేళ్ళ పాటు సాగాయి. ఆ కాలంలో ఐదు వేలకు పైగా నక్షత్రాల స్థానాలను కొలిచారు.

స్థానిక కాలాన్ని నిర్ణయించే విధానం

సూర్యుడు ఆకాశంలో ఉత్తర దక్షిణాలను కలిపే యామ్యోత్తర రేఖను దాటే క్షణం ఆ ఊరికి మధ్యాహ్నం. భూమి 24 గంటలలో 360 డిగ్రీలు తిరుగుతుంది కనుక, ఒక్కొక్క డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా వస్తుంది. తూర్పున ఉన్న ఊరికి మధ్యాహ్నం ముందు, పడమట ఉన్న ఊరికి తరువాత అవుతుంది. మన పంచాంగకర్తలు ఈ తేడాను దేశాంతర సంస్కారం అంటారు. ఒక ఊరికి గణించిన పంచాంగం మరొక ఊరికి పనికిరావాలంటే ఈ సవరణ తప్పనిసరి.

సూర్యబింబం పెద్దది, ఏడాది పొడవునా ఒకే వేగంతో కదలదు. అందుచేత వేధశాలలు కాలాన్ని నక్షత్రాలతో కొలిచేవి. యామ్యోత్తర రేఖపై మాత్రమే కదిలే దూరదర్శినిలో సన్నని తీగలు అమర్చి ఉంటాయి. స్థానం ముందే తెలిసిన నక్షత్రం ఒక్కొక్క తీగను దాటే క్షణాన్ని పరిశీలకుడు గడియారపు టిక్కుటిక్కులు వింటూ సెకనులో పదవ వంతు వరకు అంచనా వేసి రాసుకుంటాడు. దానినిబట్టి గడియారం ఎంత ముందున్నదో, ఎంత వెనుకబడిందో తెలుస్తుంది. నక్షత్రమానంలో రోజు మన రోజు కంటే సుమారు 3 నిమిషాల 56 సెకన్లు తక్కువ కాబట్టి, దానిని సగటు సౌరమానంలోకి మార్చాలి. మంచి గడియారమైనా ఎండకు, చలికి తన నడక మార్చుకుంటుంది. అందువల్ల ఆకాశం నిర్మలంగా ఉన్న ప్రతి రాత్రీ ఈ పని మళ్ళీ చేయవలసిందే. పోగ్సన్, అతని సహాయకులు ముప్పై ఏళ్ళ పాటు చేసిన పనిలో పెద్ద భాగం ఇదే.

మద్రాసు కాలం

రైళ్ళు రాక ముందు ప్రతి ఊరికీ తన కాలం తనకు ఉండేది. దానివల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదు. రైళ్ళు వచ్చాక పరిస్థితి మారింది. బొంబాయి కాలం గ్రీనిచ్ కంటే 4 గంటల 51 నిమిషాలు ముందుంటే, కలకత్తా కాలం 5 గంటల 53 నిమిషాలు ముందుండేది. రెండు నగరాలకు మధ్య గంటకు పైగా తేడా. రెండు రైలు కంపెనీలు కలిసే చోట రెండు కాలాలను పాటిస్తే ప్రయాణికులు రైళ్ళు తప్పిపోవడమే కాక, ప్రమాదాలకు కూడా అవకాశం ఉంటుంది. ఈ రెండింటికీ దాదాపు నడుమ ఉన్న మద్రాసు కాలాన్ని 1870 నుండి దేశంలోని రైళ్ళకు ఉమ్మడి కాలంగా స్వీకరించారు. మధ్యస్థానంతో పాటు, కాలాన్ని నమ్మకంగా లెక్కగట్టే వేధశాల మద్రాసులో ఉండడం కూడా ఇందుకు కారణం. వేధశాల నుండి తంతి ద్వారా కాల సంకేతాలు వెళ్ళేవి.

తెలుగు ప్రాంతాలకు ఈ మార్పు వెంటనే అనుభవంలోకి వచ్చింది. మద్రాసు నుండి కడప, గుంతకల్లు మీదుగా వెళ్ళిన మార్గం 1871లో రాయచూరు వద్ద బొంబాయి వైపు నుండి వచ్చిన మార్గంతో కలిసింది. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు నిజాం రైలు మార్గం మొదలైంది. బొంబాయి, మద్రాసు, హైదరాబాదు సంస్థానం మూడింటి ప్రయాణికులూ ఒకే వేళాపట్టికను నమ్మవలసి వచ్చింది.

అయితే రైలు కాలం, ఊరి కాలం వేరుగానే ఉండేవి. బొంబాయి ప్రజలు తమ కాలాన్ని వదులుకోవడానికి ఇష్టపడలేదు. 1880వ దశకం ఆరంభంలో అక్కడ మద్రాసు కాలాన్ని అమలు చేయాలని ప్రభుత్వం చేసిన ప్రయత్నం తీవ్ర వ్యతిరేకత వల్ల విఫలమైంది.

మచిలీపట్నంలో సూర్యగ్రహణం

1868 ఆగస్టు 18న ఏర్పడిన సంపూర్ణ సూర్యగ్రహణ మార్గం దక్కను మీదుగా సాగి మచిలీపట్నం వద్ద తూర్పు తీరాన్ని దాటింది. ఫ్రాన్సు శాస్త్రవేత్త జాన్సెన్, బ్రిటిషు బృందంతో వచ్చిన టెన్నెంట్ గుంటూరులో మకాం వేశారు. పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. వేధశాల మొదటి సహాయకుడు చింతామణి రఘునాథాచారి నాయకత్వంలో మరొక బృందం నిజాం రాజ్యంలోని వనపర్తికి వెళ్ళింది. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో నెలకొల్పిన వేధశాల నుండి అతని అల్లుడు అంకితం వెంకట నరసింగరావు కూడా ఈ గ్రహణాన్ని పరిశీలించాడు.

చంద్రబింబం సూర్యుని పూర్తిగా కప్పినప్పుడు అంచుల నుండి ఎగసే సౌరజ్వాలల కాంతిని పోగ్సన్ వర్ణపటదర్శినితో చూశాడు. అందులో కనబడిన పసుపు గీత సోడియం గీతలకు దగ్గరగా ఉన్నా, సరిగ్గా వాటి స్థానంలో లేదని అతని పరిశీలన సూచించింది. ఆ గీత హీలియం అనే కొత్త మూలకానిదని తరువాత తేలింది. 1895లో విలియం రామ్సే భూమిపై హీలియంను గుర్తించాడు. పోగ్సన్ నివేదిక ఐరోపా శాస్త్రవేత్తలలో ప్రచారం పొందకపోవడంతో హీలియం చరిత్రలో జాన్సెన్, లాకియర్ పేర్లే ప్రముఖంగా నిలిచాయి.

గ్రహణ పరిశీలనలోనూ స్థానిక కాలమే పునాది. గ్రహణం పట్టిన క్షణం, విడిచిన క్షణం ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క సమయానికి నమోదవుతాయి. ఊరి రేఖాంశం, గడియారపు దోషం కచ్చితంగా తెలియకపోతే ఆ అంకెలను పరస్పరం పోల్చడం సాధ్యం కాదు. మచిలీపట్నం మద్రాసుకు సుమారు 3 నిమిషాలు ముందుంటే, వనపర్తి దాదాపు 9 నిమిషాలు వెనుక ఉంటుంది.

సహాయకులు

మద్రాసు వేధశాల పనిలో భారతీయ సహాయకుల పాత్ర ముఖ్యమైనది. పంచాంగకర్తల కుటుంబానికి చెందిన రఘునాథాచారి 1867లో జాలక రాశిలో ఒక చర నక్షత్రాన్ని కనుగొన్నాడు. 1872లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1874 నాటి శుక్ర సంక్రమణం గురించి సామాన్యులకు వివరిస్తూ పలు భారతీయ భాషలలో పుస్తకం వెలువరించాడు. ప్రత్యక్ష పరిశీలనలకు సరిపడే దృగ్గణిత పంచాంగం కోసం కృషి చేశాడు. ఇతడు 1880లో మరణించాడు.

పోగ్సన్ కుమార్తె ఐసిస్ పోగ్సన్ 1873 నుండి నెలకు 150 రూపాయల జీతంపై వేధశాలలో సహాయకురాలిగా పనిచేసింది. అది ఆనాడు వంటమనిషికో, బండి తోలేవానికో ఇచ్చే జీతంతో సమానం. 1881 నుండి మద్రాసు ప్రభుత్వానికి వాతావరణ నివేదికల బాధ్యత కూడా నిర్వహించింది. 1886లో తండ్రి ఆమె పేరును రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి ప్రతిపాదించగా, స్త్రీ అనే కారణంతో అంగీకరించలేదు. ఆ సభ్యత్వం ఆమెకు 1920లో, తండ్రి మరణించిన 29 సంవత్సరాల తరువాత లభించింది.

చివరి సంవత్సరాలు

పోగ్సన్ మొదటి భార్య ఎలిజబెత్ 1869లో మరణించింది. వారికి 11 మంది సంతానం. 1883లో ఎడిత్ సిబ్లీని రెండవ వివాహం చేసుకున్నాడు. వారికి ముగ్గురు సంతానం. 1878లో బ్రిటిషు ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదు ఇచ్చింది.

తన పరిశీలనలను సకాలంలో ప్రచురించలేదన్న విమర్శను పోగ్సన్ ఎదుర్కొన్నాడు. 1862లో మొదలైన నక్షత్ర పరిశీలనల ఫలితాలు 1887లో కాని ముద్రణకు రావడం మొదలుకాలేదు. తక్కువ సిబ్బందితో పరిశీలన, గణనం, కాల సంకేతాలు, వాతావరణ నమోదు అన్నీ నడపవలసి రావడం ఇందుకొక కారణం. కాల సంకేతం ఏ రోజుది ఆ రోజు పంపవలసిందే. నక్షత్రాల జాబితా మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. దక్షిణ భారతంలో ఏదైనా కొండపై 20 అంగుళాల దూరదర్శినితో కొత్త వేధశాల కావాలని 1882లో ఇతడు సూచించాడు. ఆ ఆలోచన ఫలించి 1899లో కొడైకెనాల్ వేధశాల ప్రారంభమయ్యే నాటికి ఇతడు జీవించి లేడు. 1891 జూన్‌లో కాలేయ క్యాన్సరుతో మద్రాసులోనే మరణించాడు. మిగిలిన నక్షత్ర పరిశీలనలను తరువాతి ఖగోళవేత్త మిచీ స్మిత్ ప్రచురించాడు.

మద్రాసు కాలం తరువాత

1906 జనవరి 1 నుండి గ్రీనిచ్ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుండే భారత ప్రామాణిక కాలం అమలులోకి వచ్చింది. దీనికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరాన మీర్జాపూరు దగ్గర, తెలుగు నేలపై కాకినాడ సమీపంలో పోతుంది. కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ పాత కాలాలను పూర్తిగా విడిచిపెట్టలేదు. రెండవ ప్రపంచ యుద్ధ సమయంలో 1942 సెప్టెంబరు నుండి 1945 అక్టోబరు వరకు గడియారాలను గంట ముందుకు జరిపారు. అంతకు ముందు 1941-42లోనూ కొన్ని నెలలు అలాగే చేశారు. ఆ సంవత్సరాలలో పుట్టినవారి జాతకాలు వేసేటప్పుడు ఈ గంటను తీసివేయడం ఆనవాయితీ.

సూర్యుని బట్టి చూస్తే భారత ప్రామాణిక కాలం తెలుగు ఊళ్ళలో చాలా వాటి సొంత కాలం కాదు. విశాఖపట్నం స్థానిక కాలం దానికి సుమారు 3 నిమిషాలు ముందుంటుంది. హైదరాబాదు తూర్పు భాగాన ఉన్న దిల్‌సుఖ్‌నగర్ 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశానికి దగ్గరగా ఉండడం వల్ల దాని స్థానిక కాలం గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 14 నిమిషాలు మాత్రమే ముందు. అంటే చేతి గడియారం కంటే 16 నిమిషాలు, మన పాత లెక్కలో దాదాపు 40 విఘడియలు వెనుక. దిల్‌సుఖ్‌నగర్‌కు, ఎల్బీనగర్‌కు మధ్య కూడా ఆరేడు సెకన్ల తేడా ఉంటుంది.

కంప్యూటరు భాషలలో మద్రాసు కాలం

కంప్యూటరు తన లోపల ఊరి కాలాన్ని దాచుకోదు. సాధారణంగా 1970 జనవరి 1 అర్ధరాత్రి, సార్వత్రిక కాలం ప్రకారం, మొదలుకొని గడిచిన సెకన్లను లెక్కిస్తుంది. జావా, పైథాన్ వంటి భాషలలో స్థానిక తేదీని, సమయాన్ని అడిగినప్పుడు, ఆ యంత్రంలో ఎంచుకున్న కాలమండలాన్ని బట్టి ఆ సంఖ్యకు తగిన తేడాను కలిపి చూపుతుంది. భారతదేశానికి ఆ తేడా 19,800 సెకన్లు, అంటే 5 గంటల 30 నిమిషాలు. దిల్‌సుఖ్‌నగర్‌లోని శిక్షణా కేంద్రంలో విద్యార్థి రాసిన ప్రోగ్రాము చూపేది కాకినాడ దగ్గరి రేఖాంశపు కాలాన్నే కాని దిల్‌సుఖ్‌నగర్ కాలాన్ని కాదు.

ఏ దేశానికి ఏ కాలంలో ఎంత తేడా వర్తించిందో తెలిపే పట్టికను ప్రపంచవ్యాప్తంగా స్వచ్ఛంద కార్యకర్తలు నిర్వహిస్తున్నారు. అందులో భారతదేశానికి ఏషియా/కోల్‌కతా అనే పేరుతో ఒక మండలం ఉంది. 1870 నుండి 1905 చివరి వరకు దాని తేడాగా 5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు, అంటే 19,270 సెకన్లు అని నమోదై ఉంది. పోగ్సన్ బ్రతికి ఉన్న 1890వ సంవత్సరపు తేదీని ఈ మండలంతో జావాలో అడిగితే వచ్చేది మద్రాసు కాలమే.

పట్టికలోని మొదటి వరుస అంతకంటే పాతదైన కలకత్తా స్థానిక కాలం. పైథాన్‌లో పైటీజెడ్ అనే లైబ్రరీని వాడేటప్పుడు కాలమండలాన్ని తేదీకి నేరుగా తగిలిస్తే, అది ఈ మొదటి వరుసను తీసుకొని 5 గంటల 53 నిమిషాల తేడా చూపుతుంది. అసలు సమయానికి 23 నిమిషాల తేడా వచ్చిందని ఎందరో విద్యార్థులు తికమకపడే పొరపాటు ఇదే. ఆ లైబ్రరీలోని లోకలైజ్ అనే పద్ధతిని వాడితే, లేదా 2020లో వచ్చిన పైథాన్ 3.9 నుండి ఉన్న జోన్‌ఇన్‌ఫోను వాడితే ఈ దోషం రాదు.

ఈ పట్టికకు ఒక పరిమితి ఉంది. దేశమంతటికీ ఒకే మండలం కాబట్టి, 1890లో రైలు గడియారం ఏమి చూపిందో అది చెప్పగలదు. అదే రోజున బొంబాయిలోనో, హైదరాబాదులోనో ఊరివారు ఏ కాలాన్ని పాటించారో చెప్పలేదు. పాత జనన పత్రాలను, శాసనాలను, గ్రహణ నమోదులను పరిశీలించేవారు కంప్యూటరు ఇచ్చిన అంకెను యథాతథంగా స్వీకరించక, ఆ ఊరి రేఖాంశాన్ని బట్టి సరిచూసుకోవలసి ఉంటుంది.

గుర్తింపు

చంద్రునిపై ఒక బిలానికి, 1830వ సంఖ్య గల గ్రహశకలానికి పోగ్సన్ పేరు పెట్టారు. ఇతడు కనుగొన్న సిల్వియాకు రెండు ఉపగ్రహాలు ఉన్నట్లు 2005లో ప్రకటించారు. రెండు ఉపగ్రహాలు ఉన్నట్లు తెలిసిన మొదటి గ్రహశకలం అదే. నుంగంబాకంలోని పాత వేధశాల భవనం లేకపోయినా, తెలుగు శాసనం ఉన్న నల్లరాతి స్తంభం అక్కడి ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో నిలిచి ఉంది.